మద్దెల మోతకు లెక్క కట్టిన రామన్

మన ప్రాంతంలో ధర్మరాజుల గుడివద్ద భారతం మొదలయిందంటే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తెర కట్టకముందే మద్దెల వాయించే ఆయన ఒక మూల కూర్చుని, చేతిలో నున్నని రాయి, చిన్న కొయ్యముక్క పట్టుకుని, మద్దెల అంచుమీద అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేస్తూ చెవి ఒగ్గి వింటుంటాడు. ఆట ఎప్పుడు మొదలవుతుందా అని ముందు వరుసలో చాపలు పరచుకున్న పిల్లలకు ఇది విసుగు. ఆయనకు మాత్రం ఆ పని కానిదే ఆట లేదు. చర్మం చుట్టూ ఎక్కడ తట్టినా ఒకే శృతి పలికేదాకా వదలడు.

చెవితో జరిగే ఈ పనికి లెక్క కట్టి ప్రపంచానికి చూపినవారు చంద్రశేఖర వెంకటరామన్. వెలుగుమీద చేసిన పరిశోధనకు 1930లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్తగా ఆయన పేరు బడిపిల్లలందరికీ తెలుసు. అంతకుముందు పదిహేనేళ్ళకు పైగా ఆయన ఫిడేలు, వీణ, తంబుర, మృదంగం ముందు పెట్టుకుని కూర్చున్నారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతి అమ్మాళ్. పుట్టుక అరవదేశంలో అయినా పెరిగింది మాత్రం మన తెలుగు గడ్డమీద. 1892లో తండ్రికి విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ళ పిల్లవాడుగా విశాఖ చేరిన రామన్ అక్కడే సెయింట్ అలోషియస్ బడిలో చదివి పదకొండో ఏట మెట్రిక్ ప్యాసయ్యారు. ఎఫ్.ఏ. కూడా విశాఖలోనే. తండ్రి ఫిడేలు చక్కగా వాయించేవారు. ఇంట్లో ఒకపక్క శాస్త్ర పుస్తకాలు, ఇంకొకపక్క ఫిడేలు. కొడుకు జీవితంలో ఆ రెండూ కలిశాయి.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. మొదటి శ్రేణిలో పూర్తిచేశారు. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలోనే, 1906లో, వెలుగును గురించి ఆయన రాసిన వ్యాసం లండన్ శాస్త్రపత్రికలో అచ్చయింది. సీమకు పంపి చదివించాలని పెద్దలు అనుకున్నా, ఈ శరీరం ఆ చలికి తట్టుకోదని డాక్టరు చెప్పడంతో ఆ ప్రయత్నం ఆగింది. ఆ రోజుల్లో తెలివైన కుర్రవాడికి మిగిలిన దారి సర్కారు ఉద్యోగం ఒక్కటే. ఆర్థికశాఖ పరీక్ష రాసి నెగ్గారు. ఆ 1907లోనే లోకసుందరి గారితో పెళ్ళయింది. ఆమెకు వీణ వచ్చు. దంపతులు కలకత్తా చేరారు. పందొమ్మిదేళ్ళయినా నిండని రామన్ అక్కడ అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్.

ఒకనాడు ట్రాములో పోతూ బౌబజారు వీధిలో ఒక భవనానికి వున్న బోర్డు చూశారు. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ చందాలు పోగుచేసి స్థాపించిన విజ్ఞానశాస్త్ర సంఘం అది. లోపల పరికరాలు వున్నాయి, పనిచేసేవారు లేరు. రామన్ అడిగారు, వాళ్ళు సరేనన్నారు. అప్పటినుంచి తెల్లవారుజామున ప్రయోగశాల, తర్వాత ఆఫీసు, ఆఫీసు వదలగానే మళ్ళీ ప్రయోగశాల. ఇంటికి చేరేసరికి రాత్రి పొద్దుపోయేది. సహాయకుడు ఆశుతోష్ డే ఒక్కడే. పదేళ్ళు ఇలాగే గడిచాయి. మధ్యలో 1909లో రంగూన్‌కు, 1910లో నాగపూరుకు బదిలీ అయినా పని ఆగలేదు. 1911లో తిరిగి కలకత్తా వచ్చారు.

పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పరిశోధన కావాలి. తీగ, తోలు, కొయ్య చాలు అన్నట్టుగా ఆయన నాదాన్ని పట్టుకున్నారు. బిచ్చగాళ్ళు మీటుకునే ఏకతారమీద కూడా 1909లో ఒక వ్యాసం రాశారు.

ఇక్కడ ఆగి, ఆయన ఏమి చూస్తున్నారో చెప్పుకోవాలి. గుంటలో రెండు చోట్ల రాళ్ళు వేస్తే రెండు అలల వలయాలు వచ్చి ఒకదానిలో ఒకటి కలుస్తాయి. అల మిట్టమీద ఇంకొక అల మిట్ట పడినచోట నీరు ఎత్తుగా లేస్తుంది. మిట్టమీద పల్లం పడినచోట నీరు కదలకుండా వుండిపోతుంది. శబ్దం కూడా గాలిలో సాగే అలే. గాలి ఒకచోట ఒత్తుకుని, ఒకచోట పలచబడి, ఆ ఒత్తిడి సెకనుకు సుమారు 340 మీటర్లు ముందుకు పోతుంది. రెండు శబ్దాల ఒత్తిళ్ళు ఒకేసారి చెవికి తగిలితే మోత పెరుగుతుంది. ఒకటి ఒత్తేవేళ ఇంకొకటి పలచబడితే రెండూ కొట్టుకుపోయి మోత అణగిపోతుంది. దీనిని పాఠ్యపుస్తకాల్లో వ్యతికరణం అంటారు. పెంచేది సంపోషకం, అణచేది వినాశకం. శబ్దానికి శబ్దం కలిస్తే నిశ్శబ్దం రావడమేమిటని ఎవరికయినా అనిపిస్తుంది. నమ్మకం కుదరనివారు హైస్కూలులో సైన్సు అయ్యవారిని అడిగి శృతిదండం మోగించి, చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పి చూడవచ్చు. ఒక చుట్టు తిరిగేలోగా నాలుగుసార్లు నాదం దాదాపు ఆగిపోతుంది. దండం మోగుతూనే వుంటుంది. ఆ నాలుగు మూలల్లో దాని అలలు ఒకదాన్నొకటి మింగేస్తాయి.

మైకుసెట్టు పెట్టేవారికి ఇది అనుభవంలో తెలిసిందే. పందిట్లో రెండు స్పీకర్లు పెట్టి, ఒకదానికి రెండు తీగలు తారుమారుగా తగిలిస్తే, ఒక స్పీకరు గాలిని నెట్టేవేళ రెండోది లాగుతుంది. రెంటికీ సరిగ్గా నడుమ కూర్చున్నవారికి గొంతులోని గాంభీర్యం పోయి, మద్దెల తొప్పిమోత పీలగా వినిపిస్తుంది. స్పీకరు పాడయిందని తిట్టుకోనక్కరలేదు, తీగలు మార్చి తగిలిస్తే చాలు. ఇక రెండు శబ్దాల శృతి కొద్ది తేడాతో వుంటే పెరగడం, తగ్గడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక నాదస్వరం సెకనుకు 240 సార్లు, పక్కది 243 సార్లు కంపిస్తే సెకనుకు మూడుసార్లు మోత ఉబికి తగ్గుతుంది. వీటినే విస్పందనాలు అంటారు. మేళగాళ్ళు శృతి కలుపుకునేటప్పుడు ఈ ఊగు ఆగేదాకా సరిచేసుకుంటారు. దాని పేరు తెలియకపోయినా వారి చెవి పట్టేది దాన్నే.

తీగ మీద జరిగేదీ ఇదే. మీటినచోటనుంచి అల బయలుదేరి చివరకుపోయి తిరిగివస్తుంది. పోయే అల, వచ్చే అల కలిసి, తీగమీద కొన్ని చుక్కలు అసలు కదలవు, వాటి నడుమ భాగం బాగా ఊగుతుంది. ఫిడేలు తీగను కమాను పట్టి లాగి వదలి, లాగి వదలి చేసే కదలికను రామన్ ఇలా ఎదురెదురుగా సాగే రెండు అలల కూడికగా విడదీసి 1918లో పెద్ద గ్రంథమే రాశారు. కొన్ని పెద్ద ఫిడేళ్ళలో ఒక స్వరం దగ్గరకు రాగానే వాద్యం తోడేలులా గుర్రుమంటుంది. దానికి కారణాన్ని 1916లో వివరించారు. తీగ ఊపునంతా వాద్యపు బొంగు లాగేసుకుంటుంది, మళ్ళీ తీగ పుంజుకుంటుంది. ఈ లాగులాటే ఆ గుర్రు.

వీణ దగ్గరకు వచ్చేసరికి సంగతి ఇంకా చిత్రమయింది. తీగను ఏ చుక్కదగ్గర మీటితే, అక్కడ కదలికలేని అనుస్వరాలు పలకకూడదని అప్పటి శాస్త్రం. నట్టనడుమ మీటితే రెండో అనుస్వరం, నాలుగోది వినిపించకూడదు. వీణలో, తంబురలో అవి హాయిగా వినిపిస్తాయి! రామన్ చూపిన కారణం గుర్రంలో వుంది. ఫిడేలు గుర్రానికి అంచు పదును. వీణ గుర్రానికి పైన వంపు తిరిగిన లోహపు రేకు వుంటుంది. ఊగే తీగ ఆ వంపును తాకుతూ వదలుతూ పోవడంవల్ల అణగిపోవలసిన స్వరాలు తిరిగి పుడతాయి. తంబుర తీగ కింద దూర్చే నూలుపోగు చేసేది కూడా అదే పని. దీనిమీద వ్యాసం 1921లో వచ్చింది.

అన్నిటికన్నా మనవారికి దగ్గరయినది మద్దెల కథ. చర్మవాద్యానికి మోతే తప్ప సరయిన స్వరవరుస వుండదని ఐరోపా శాస్త్రగ్రంథాల్లో సాధారణంగా అనుకునేమాట. లెక్క కూడా అలాగే చెబుతుంది. అంతటా ఒకే మందం వున్న తోలును బిగించి కొడితే, అడుగుస్వరం సెకనుకు 200 కంపనాలయితే దాని పైన పుట్టేవి దాదాపు 319, 427, 459. వీటికి ఒకదానితో ఒకటి పొత్తు లేదు. ఒకదాని మిట్ట రెండోదాని మిట్టతో క్రమంగా కలవదు. అందుకే చెవికి అది ధన్ మనే మోతగా వినిపిస్తుంది. తప్పెటకు, పలకకు కావలసింది ఊరవతలికి వినిపించే ఆ మోతే గనుక అందులో లోపం లేదు. గంగజాతరలో పలక స్వరం పలకాలని ఎవరూ కోరరు.

మృదంగం వేరు. 1920లో రామన్, శివకాళీ కుమార్ అనే సహచరునితో కలిసి, నేచర్ అనే ఇంగ్లీషు పత్రికలో చిన్న వ్యాసం ప్రకటించారు. మృదంగం కుడివైపు చర్మం నుంచి వచ్చే స్వరాలు 200 తర్వాత దాదాపు 400, 600, 800, 1000గా వరుసలో వుంటాయని అందులో తేల్చారు. ఈ స్వరాలన్నీ సెకనులో 200వ వంతుకు ఒకసారి మళ్ళీ మొదటి స్థితికి వచ్చి కలుసుకుంటాయి. చెవి వాటిని విడివిడిగా కాక ఒకే నిండు స్వరంగా తీసుకుంటుంది. ఇది చేసేది నడుమనున్న నల్లటి మచ్చ. అక్కడ చర్మం బరువెక్కి అల నెమ్మదిస్తుంది. విడిపోయి తిరిగే స్వరాలు ఆ బరువుకు లొంగి జతలు జతలుగా ఒకే చోటికి వస్తాయి. తొమ్మిది రకాల కదలికలు అయిదు స్వరాల్లో ఇమిడిపోతాయని రామన్ లెక్క చూపారు.

దీన్ని కంటికి చూపే ఉపాయం మరీ తేలిక. చర్మంమీద సన్నని ఇసుక చల్లి, ఒకచోట వేలు ఆనించి, ఇంకొకచోట కొట్టడం. ఊగే చోటునుంచి ఇసుక ఎగిరి, కదలని గీతల మీదికి చేరుతుంది. ఒక స్వరానికి నడిమి గీత ఒకటి, ఇంకొక స్వరానికి రెండు గీతలు అడ్డంగా, మరొకదానికి గుండ్రని గీత. మృదంగం వాయించేవారు నం అనే దెబ్బ కొట్టేటప్పుడు చూపుడువేలితో అంచుకు కొట్టి, ఉంగరపువేలిని చర్మంమీద తేలికగా ఆనిస్తారు. వేలు ఆనినచోట చర్మం ఊగలేదు. అక్కడ ఊగితేగాని పుట్టని స్వరాలు అణగిపోతాయి. అక్కడ ఎలాగూ కదలికలేని స్వరం మిగిలి స్పష్టంగా పలుకుతుంది. ప్రయోగశాలలో రామన్ చేసింది, కచేరీలో విద్వాంసుడు చేసేది ఒకే పని.

మనదేశపు ప్రాచీనులకు నాదజ్ఞానం ఎంతో వుండేదని రామన్ ఈ వ్యాసాల్లో మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమే. కాని ప్రాచీనులు అంటే ఎవరు? పనసమాను తొలిచి, తోలు కోసి వార్లు బిగించి, నల్లరాతిపొడిని అన్నంతో మెదిపి, పలచని పొరమీద పొర వేస్తూ, ఒక్కొక్క పొరనూ నున్నని రాతితో రుద్ది, మధ్యమధ్య తట్టి వింటూ, స్వరం కుదిరేదాకా కూర్చున్న కుటుంబాలు. వారి పేర్లు ఏ శాస్త్రపత్రికలోనూ లేవు. పొర ఒకటి ఎక్కువయినా తక్కువయినా పైన చెప్పిన వరుస చెదిరిపోతుంది. ఆ కొలత పుస్తకంలో ఎక్కకముందే వారి చేతివేళ్ళలో వుంది. ఎడమవైపు తొప్పికి వాయించే ముందు రవ్వముద్ద అద్ది, ఆట అయిపోగానే తీసేసే ఉపాయం కూడా వారిదే.

ఈలోగా రామన్ జీవితం మలుపు తిరిగింది. 1917లో అశుతోష్ ముఖర్జీ గారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవికి పిలిచారు. జీతం సర్కారు ఉద్యోగంకన్నా తక్కువ. పదేళ్ళ సర్వీసు, ముందున్న పెద్ద హోదాలు అన్నీ వదులుకుని వెళ్ళారు. సంసారం వున్నవాడు చేతికందిన అధికారం విడిచి తక్కువ జీతానికి పోవడం ఆనాడు ఎంతమందికి నచ్చి వుంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

1921లో మొదటిసారి సీమకు వెళ్ళారు. లండన్‌లో సెయింట్ పాల్ చర్చి గోపురం లోపల గుండ్రని వసారా వుంది. అడ్డుకొలత 110 అడుగులపైనే. ఒకవైపు గోడ దగ్గర గుసగుసలాడితే ఎదుటివైపు గోడ దగ్గర చెవిపెట్టినవారికి వినిపిస్తుంది. శబ్దం గోడ వంపును అంటిపెట్టుకుని పాకుతుందని రేలే ప్రభువు అనే మహాశాస్త్రవేత్త అంతకుముందే చెప్పారు. రామన్, సదర్లండ్ అనే మరొకరితో కలిసి అక్కడే పరీక్షించి, గోడనుంచి లోపలికి జరిగేకొద్దీ శబ్దం ఊరికే తగ్గిపోదనీ, తగ్గి, పెరిగి, మళ్ళీ తగ్గుతూ పట్టీలు పట్టీలుగా వుంటుందనీ కనుగొన్నారు. అలల కూడిక, తీసివేత రాతిగోడల నడుమ గాలిలో వేసిన చారలవి. మనదేశానికి తిరిగివచ్చాక బీజాపూరు గోల్ గుంబజ్ లాంటి కట్టడాలను కూడా ఆయన ఇదే దృష్టితో పరిశీలించారు. దాదాపు 125 అడుగుల అడ్డుకొలత గల ఆ గుమ్మటం కింద చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విన్నవారు మన ప్రాంతం యాత్రికుల్లోనూ వుంటారు.

అదే ప్రయాణంలో ఓడమీదనుంచి మధ్యధరా సముద్రపు నీలం చూసి, ఆ రంగు ఎందుకు అని అడగడం ఆయనను పూర్తిగా వెలుగువైపు తిప్పింది. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1924లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం, 1930లో నోబెల్. నాదం చదివినవారికి ఆ ఫలితం కొత్తగా తోచదు. వెలుగు ఒక వేగంతో ఊగుతూ అణువుమీద పడుతుంది. అణువుకు తన ఊగు వుంది. రెండూ కలిసి, కూడిన లెక్కలో ఒక రంగు, తీసిన లెక్కలో ఒక రంగు బయటికి వస్తాయి. రెండు నాదస్వరాల తేడాను పట్టిన లెక్కకు ఇది దూరపు చుట్టమే.

1933లో రామన్ బెంగుళూరులో భారత విజ్ఞానసంస్థ డైరెక్టరుగా చేరారు. మదనపల్లెవారికి మద్రాసుకన్నా దగ్గరయిన ఊరు అది. డైరెక్టరు పదవిలో తగాదాలు వచ్చి 1937లో దిగిపోయారు, ఆచార్యుడుగా 1948 వరకు కొనసాగారు. ఆయన మాట కటువు, పంతం ఎక్కువ. ఈ రెండూ ఆయనకు శత్రువులను తెచ్చిపెట్టాయి.

బెంగుళూరుకు వచ్చాక నాదాన్ని మళ్ళీ తలుచుకున్నారు. 1934లో మన చర్మవాద్యాలమీద వివరమయిన వ్యాసం, ఇసుక పటాలతో సహా, ప్రకటించారు. 1935, 36ల్లో నాగేంద్రనాథ్ అనే యువ గణితవేత్తతో కలిసి, చెవికి అందని అతిధ్వనిని ద్రవంలోకి పంపితే అందులో ఏర్పడే దట్టమయిన, పలచనయిన పొరలగుండా పోయే వెలుగు ఎలా చీలికలవుతుందో లెక్క చెప్పారు. నాదపు అలలు, వెలుగు అలలు ఒక గాజుతొట్టిలో కలిసిన పని అది. తెలుగువారయిన సూరి భగవంతం గారు 1928లో కలకత్తాలో రామన్ దగ్గర చేరి పనిచేసినవారే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయి వాల్తేరులో అతిధ్వని పరిశోధన సాగించారు, తర్వాత రామన్ కూర్చున్న డైరెక్టరు కుర్చీలోనే 1957 నుంచి 1962 వరకు కూర్చున్నారు. శబ్దానికి ఎదురు శబ్దం పుట్టించి మోతను చంపే చెవిపరికరాలు నేడు బజారులో దొరుకుతున్నాయి. అవి పనిచేసేది కూడా ఈ పాత సూత్రంమీదే.

1948 తర్వాత రామన్ సొంతంగా పెట్టుకున్న పరిశోధన సంస్థలోనే చివరిదాకా వున్నారు. 1954లో భారతరత్న ఇచ్చారు. బడిపిల్లలు వస్తే రాళ్ళు, రవ్వలు, సీతాకోకచిలుకలు చూపి రంగుల సంగతి చెప్పేవారు. 1970 నవంబరు 21న బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం కర్మకాండ లేకుండా సంస్థ తోటలోనే దహనం చేశారు. సమాధి కట్టలేదు. ఆ చోట ఒక చెట్టు వుంది.